ట్రక్కు హుక్కు లొడలొడలాడుతోందా?

మాసూళ్లయ్యాయి. ట్రక్కులో నలభై బస్తాల ధాన్యం వేసుకుని కాలవ కట్ట మీదుగా మిల్లుకు బయల్దేరారు. గేరు మార్చినప్పుడల్లా వెనకనుంచి ‘టంగ్’మని చప్పుడు. గుంటలో దిగితే మరొకటి. ‘‘పాత బండి కదండీ, ఆ మాత్రం మోత ఉండదా’’ అంటాడు డ్రైవరు. మీరూ ఊరుకుంటారు. ఊరుకోకండి.

బస్తా 75 కిలోల లెక్కన నలభై బస్తాలంటే 30 క్వింటాళ్లు. ట్రక్కు సొంత బరువు దీనికి అదనం. ఇంత బరువునూ ట్రాక్టరుకు పట్టి ఉంచేది ఒకే ఒక్క పిన్ను. ఎడ్లబండి చక్రానికి కడశీల ఎలాగో ట్రక్కుకు ఈ పిన్ను అలాగ. పిన్నుకీ రింగుకీ మధ్య సందు పెరిగితే, ట్రాక్టరు ఆ సందు మేర ముందుకు జరిగి, ఆ తర్వాతే ట్రక్కును ఒక్క కుదుపుతో లాగుతుంది. బ్రేకు వేస్తే ట్రక్కు వెనకనుంచి వచ్చి గుద్దుతుంది. ప్రతిదీ సమ్మెట దెబ్బే. దెబ్బకు సందు పెరుగుతుంది, సందుతోపాటు దెబ్బా పెరుగుతుంది. ఈ మోత దానంతటది తగ్గేది కాదు.

పిన్ను తీసి చూడండి

ఖాళీ ట్రక్కును చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ట్రక్కు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. రెండు చక్రాల ట్రక్కయితే ముందున్న ఇనుప దూలం కింద దుంగ గానీ జాకీ గానీ ఆనించాకే పిన్ను లాగాలి. లేదంటే దూలం పాదం మీద పడుతుంది. పిన్నును గుడ్డతో తుడవండి. పైనా కిందా బాగానే ఉండి నడుము దగ్గర సన్నబడి ఉంటుంది. అక్కడ గాడి వేలికి తగులుతుంటే ఆ పిన్నుకు కాలం చెల్లినట్టే. రింగు రంధ్రం గుండ్రంగానే ఉందా, కోడిగుడ్డులా సాగిందా చూడండి. హుక్కును ట్రాక్టరుకు బిగించిన బోల్టుల మీదా ఓ చెయ్యి వేయండి. ఒక్కోసారి మోతంతా అక్కడే ఉంటుంది, పానా తిప్పితే పోతుంది.

అరిగిన పిన్నుకు కొత్త పిన్నే మందు. పాతదాని అరగని పైభాగం కొలత చూపించి అదే సైజు తీసుకోండి. ఇంట్లో పడున్న బోల్టు, గునపం ముక్క, సెంట్రింగు ఊచ దూర్చి పని గడుపుకోవద్దు. మెత్తటి ఇనుము వంగుతుంది, పెళుసుది పుటుక్కున విరుగుతుంది. రింగు కొద్దిగా సాగితే లేతు షాపులో లోపల సాపు చేయించి ఉక్కు బుష్షు దిగగొట్టించవచ్చు. పగులు కనబడితే మాత్రం రింగే మార్చాలి. పగులు మీద వెల్డింగు పూత పూస్తే పైకి బాగుంటుంది, అంతే. ట్రక్కుకు వెల్డింగు చేయించేటప్పుడు ట్రాక్టరును విడదీసి దూరంగా పెట్టండి.

హుక్కు దవడల మధ్య ఖాళీ ఎక్కువై, రింగు మందం తక్కువైతే రింగు పైకీ కిందికీ ఎగురుతూ మోగుతుంది. దీనికి రింగు పైనా కిందా మందపాటి ఇనుప వాషర్లు వేస్తే సరి. కొందరు పాత టైరు ముక్క కోసి వేస్తారు. తప్పు లేదు. కానీ అది చప్పుడును ఆపుతుంది గానీ అరుగుదలను ఆపదు, వారం వారం తీసి చూడాలి. అలాగని అసలు సందే లేకుండా బిగించేయకండి. గట్టు ఎక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు రింగు ఆడాలి, లేకుంటే దూలం మెలిపడుతుంది. పిన్ను సుత్తి అక్కర్లేకుండా చేత్తో దూరేటట్టు ఉండాలి. గ్రీజు రాసేముందు పాతది తుడిచేయండి. ఇసుక పట్టిన గ్రీజు ఆకురాయిలా కోస్తుంది.

నాగలి తగిలించే లింకు చేతుల మధ్య వేసే బెజ్జాల పట్టీకి ట్రక్కు కట్టే అలవాటు కొందరికుంది. మానుకోండి. లాగుడు ఎత్తు నుంచి పడితే ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి.

రెండు చక్రాల ట్రక్కులో ఇరుసుకు ముందువైపు బరువు కాస్త ఎక్కువుండాలి. చెరకు వెనక్కి వేలాడేలా పేరిస్తే దూలం పైకి తంతుంది, పిన్ను కిందనున్న లాక్ పిన్ను మీద భారం పడుతుంది. ఆ లాక్ పిన్ను పోతే బైండింగు తీగ చుట్టేసి తిరిగే బళ్లు ఎన్ని లేవు! తీగ తెగితే గుంట గుంటకీ పిన్ను పైకి లేస్తుంది. ఏదో ఒక గుంటలో బయటికొచ్చేస్తుంది. అందుకే దూలం నుంచి ట్రాక్టరుకు మలుపులో బిగుసుకోనంత వదులుగా ఒక గొలుసు వేసుకోండి. పిన్ను ఊడినా ట్రక్కు కాలవలోకి పోకుండా పట్టుకుంటుంది.

నడపడంలోనూ ఉంది. క్లచ్చి మెల్లగా వదలాలి. రోడ్డెక్కాక రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేయాలి. దిగుడులో నాలుగు చుక్కల డీజిలుకు ఆశపడి న్యూట్రల్ చేయొద్దు, ఎక్కిన గేరులోనే దిగాలి.

కిరాయి బండయితే ఇవన్నీ మీ చేతిలో లేవు, నిజమే. బస్తాలెక్కించకముందే పిన్నూ లాక్ పిన్నూ చూపించమని అడగండి. తీగ చుట్టి ఉంటే లాక్ పిన్ను తెప్పించాకే లోడు వేయనివ్వండి. కూలీలను, పిల్లలను ఆ దూలం మీద కూర్చోనివ్వకండి. అక్కడినుంచి జారినవాడు పడేది ట్రక్కు చక్రాల ముందే. బయల్దేరిన అర కిలోమీటరుకు ఒకసారి ఆపించి, దిగి, లాక్ పిన్ను ఇంకా ఉందో లేదో చూసి ఎక్కండి.