ఎత్తు పెంచిన జీపుకు వెనుక స్టెబిలైజర్ బార్ బిగించే విధానం

గడ్డి ఎత్తుగా పేర్చిన బండి మలుపులో వెలుపలి వైపునకు ఒరగడం పల్లెవాసులకు తెలియని సంగతి కాదు. బరువు ఎంత ఎత్తున ఉంటే ఒరుగు అంత ఎక్కువ. సరిహద్దు మండలాలలో యువకులు మక్కువతో కొని, ఎత్తు పెంచి నడుపుతున్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆ ఒరుగును అదుపులో ఉంచేది వెనుక ఇరుసు వద్ద కనిపించే ఒక వంపు తిరిగిన ఉక్కు కడ్డీ. మెకానిక్కులు దీనిని స్టెబిలైజర్ బార్ అనీ, యాంటీ రోల్ బార్ అనీ పిలుస్తారు.

మహీంద్రా సంస్థ 2020 అక్టోబరులో విడుదల చేసిన రెండవ తరం థార్‌కు వెనుక కాయిల్ స్ప్రింగులతో పాటు ఈ బార్ కూడా కంపెనీ నుండే వస్తుంది. స్ప్రింగులకు స్పేసర్లు చేర్చి గాని, పొడవైన స్ప్రింగులు వేసి గాని కొందరు వాహనాన్ని రెండంగుళాలు లేపుతారు. అప్పుడు పాత లింకు రాడ్లు చాలవు. రాళ్ల దారిలో చక్రం స్వేచ్ఛగా కిందికి దిగాలన్న కోరిక మరొకటి. ఈ కారణాల చేత బార్‌ను విప్పి షెడ్డులో పడవేసేవారు ఉన్నారు. తరువాత ఆ వాహనమే చేతులు మారి ఒక కుటుంబానికి చేరుతుంది. సాలూరు నుండి పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డులో నలుగురు మనుషులు, పైకప్పు మీద సామానుతో ప్రయాణించేటప్పుడు గాని ఆ లోటు బయటపడదు. అందువలన పాత వాహనం కొనేవారు ముందుగా కిందికి వంగి ఈ బార్ ఉన్నదో లేదో చూడవలెను.

దీని పని తీరు సులభమైనదే. రెండు చక్రాలూ ఒకేసారి గతుకు ఎక్కితే బార్ తన బుష్‌లలో ఊరకనే తిరుగుతుంది, ఏమీ అడ్డుపడదు. ఒక చక్రం పైకి, మరొకటి కిందికి పోయినప్పుడు మాత్రం తడి గుడ్డను పిండినట్లు మెలి తిరుగుతుంది. ఆ మెలిని విప్పుకోవాలనే ఉక్కు బలమే వాహనాన్ని నిటారుగా ఉంచుతుంది. బార్ బరువును మోయదు. కుంగిపోయిన స్ప్రింగులకు ఇది మందు కాదు.

పాత తరహా జీపులకు వెనుక కమాను పట్టీలు ఉంటాయి. ఆ పట్టీలే ఒరుగును చాలా వరకు ఆపుతాయి గనుక, సరుకులు మోసే అటువంటి జీపుకు ప్రత్యేకంగా ఈ బార్ కోసం డబ్బు ఖర్చు చేయడం అనవసరం.

ఇక అసలు విషయమైన లింకు పొడవుకు వద్దాము. ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య దూరం 50 మిల్లీమీటర్లు పెరిగితే, నిలువుగా ఉండే లింకు కూడా దాదాపు 50 మిల్లీమీటర్లు పొడవు పెరగాలి. బార్ చేయి పొడవు 250 మిల్లీమీటర్లు అనుకుంటే, పాత లింకుతోనే బలవంతంగా బిగించినప్పుడు ఆ చేయి దాదాపు పదకొండున్నర డిగ్రీలు పక్కకు వాలిపోతుంది. చూపుకు అది చిన్న వాలుగానే ఉంటుంది. కాని చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు చేయీ లింకూ ఇంచుమించు ఒకే గీతలోకి వచ్చి, లింకు అటువైపునకు మడత పడి ఇరుక్కొనే ప్రమాదం ఉన్నది. ఒక చిన్న హెచ్చరిక. పెద్ద టైర్ల వలన పెరిగిన ఎత్తును ఈ లెక్కలో కలపరాదు. టైరు మొత్తం వాహనాన్ని లేపుతుందే గాని ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య దూరాన్ని మార్చదు. స్ప్రింగు దగ్గర పెరిగినదే లెక్క. లింకును కోసి ముక్క వెల్డింగు చేయించడం చవక మార్గమే, కాని ఆ అతుకు తెగితే మలుపు మధ్యలోనే తెగుతుంది. పొడవు సవరించుకొనే లింకులు కొనడం మేలు.

బిగించే పనిని సమతలమైన నేల మీద, ముందు చక్రాలకు అడ్డుగా దిమ్మలు పెట్టి చేయవలెను. వాహనాన్ని లేపినప్పుడు కేవలం జాకీ మీద నమ్మకం ఉంచి కిందికి దూరరాదు, చాసిస్ కింద స్టాండ్లు ఉండి తీరవలెను. బార్‌ను పట్టే క్లాంపులు, బుష్‌లు, లింకులు అన్నీ ముందు చేతితో వదులుగా బిగించి, ఆ తరువాత వాహనాన్ని చక్రాల మీదికి దించి, బరువు పడిన స్థితిలోనే నట్లను గట్టిగా బిగించాలి. చాలా షెడ్లలో ఈ నియమాన్నే పాటించరు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించిన క్షణం నుండే లింకు కంటిలోని రబ్బరు బుష్ మెలి తిరిగి ఉండి, త్వరలోనే చిరుగుతుంది. బరువు పడిన తరువాత బార్ చేయి నేలకు సమాంతరంగా, లింకు నిలువుగా ఉండేటట్లు పొడవు సవరించాలి. కుడి ఎడమ లింకులు రెండూ ఎటువంటి లాగుడూ లేకుండా బోల్టులోకి దిగాలి. రబ్బరు బుష్‌లకు మామూలు గ్రీజు పూయరాదు, ఉబ్బి పాడవుతాయి. ప్లాస్టిక్ వలయం ఉన్న నట్లు ఒకసారి విప్పితే కొత్తవి వేయడమే క్షేమం. బిగింపు ఎంత ఉండాలో సర్వీసు పుస్తకంలో ఉంటుంది, దానిని టార్క్ రెంచితో చూసుకోవాలి.

తరువాత ఒక వెనుక చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి, రెండవది వేలాడే స్థితిలో కింద నుండి పరిశీలించాలి. బ్రేకు పైపు బిగుసుకొనరాదు. సైలెన్సరుకూ డీజిలు ట్యాంకుకూ బార్ తగలరాదు. చక్రం కిందికి దిగే హద్దును షాకబ్జరు నిర్ణయించాలి గాని లింకు కాదు. తరువాత రెండవ వైపు కూడా ఇదే పరీక్ష చేయాలి.

లావుపాటి బార్ వేస్తే ఇంకా మంచిదని దుకాణదారులు చెబుతారు. మెలికను ఎదిరించే బలం వ్యాసం నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 22 మిల్లీమీటర్లది వేస్తే, లావు పదవ వంతే పెరిగినా గట్టితనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. వెనుక భాగం అంతగా బిగుసుకుంటే మలుపులో వెలుపలి వెనుక టైరు మీద బరువు మితిమీరి పడి, తడి రోడ్డు మీద తోక పక్కకు జారుతుంది. ముందు బార్‌ను తీసివేసి వెనుక బార్‌ను మాత్రమే ఉంచడం మరీ ప్రమాదకరం. కుటుంబంతో తిరిగే వాహనానికి కంపెనీ ఇచ్చిన లావే చాలు, ముందు బార్ కూడా తప్పక ఉండాలి.

రాళ్లలో, వాగులలో నెమ్మదిగా వెళ్లేవారికి బార్‌ను విడదీయడం ఉపయోగపడే మాట నిజమే. అమెరికాలో 2007 మోడల్ జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బార్‌ను మీట నొక్కి విడదీసే సౌకర్యం వచ్చింది. మనవారు లింకు బోల్టు విప్పి, ఆ కొసను వేలాడకుండా పైకి కట్టుకొంటారు. తారు రోడ్డు ఎక్కేముందు తిరిగి బిగించక తప్పదు.

ఎత్తు పెంచే ముందు చట్టాన్ని కూడా తెలుసుకొనవలెను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలతో విభేదించే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని స్పష్టం చేసింది. అదే సంవత్సరపు సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును. ఇది కేంద్ర చట్టం గనుక సరిహద్దుకు ఇటు ఉన్నా అటు ఉన్నా ఒకటే. కంపెనీ ఇచ్చిన బార్‌ను తిరిగి దాని స్థానంలో ఉంచడం వేరు, ఎత్తు పెంచడం వేరు. ప్రమాదం జరిగి బీమా కోరినప్పుడు ఈ భేదం ముందుకు వస్తుంది.

బార్ బిగించిన తరువాత మొదట ఖాళీ వాహనంతో, తెలిసిన దారిలో, నెమ్మదిగా మలుపులు తిప్పి చూడాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట నట్లన్నీ మరల సరిచూడాలి. గతుకులలో వెనుక నుండి టకటకమని శబ్దం వస్తే, అది చాలా వరకు లింకు కంటిలో అరిగిన బుష్ గాని వదులైన క్లాంపు గాని అయి ఉంటుంది. వాహనం ఆగి ఉన్నప్పుడు లింకును చేతితో పట్టి కుదిపితే ఏ వైపుదో తెలిసిపోతుంది.