దోమ లాలాజలము

సాయంకాలము రేడియో ముందు కూర్చొని వార్తలు వినుచుండగా కాలిపై దోమ వ్రాలును. మనము చేయి ఎత్తులోపలనే అది తన పని ముగించుకొని పోవును. మిగులునది దద్దు, దురద. దోమ విషమెక్కించినదని కొందరందురు. అది విషము కాదు, నెత్తురు గడ్డకట్టకుండ చేయు మందు అని మేము మనవి చేయుచున్నాము.

నెత్తురు త్రాగుట సులభమైన పని కాదు. చిన్న గాయమైనను రక్తనాళము ముడుచుకొనును. నెత్తురులోని రక్తఫలకికలు గుంపుగూడి కన్నమునకు బిరడా వేయును. ఆ వెనుక నెత్తురు గడ్డకట్టును. వెంట్రుకవంటి తొండమునకు ఇవన్నియు ఆటంకములే. అందుచేత ఆడదోమ ఒక గొట్టముతో లాలాజలమును వదలుచు, వేరొక గొట్టముతో నెత్తురు పీల్చును. మగదోమకు ఈ బాధ లేదు. దానికి పూలతేనె చాలును.

ఆ లాలాజలములో ముఖ్యమైనది ఆపైరేజు. గాయపడిన కణములనుండి ఏడీపీ అను పదార్థము వెలువడి రక్తఫలకికలను పిలుచును. ఆపైరేజు దానిని విరుగగొట్టును. దొంగ పడెనని కేక వేయబోవు వాని నోరు మూసినట్లన్నమాట. అనాఫిలిస్ దోమలోని అనాఫిలిన్, నెత్తురును గడ్డకట్టించు త్రాంబిన్‌ను పనిచేయనీయదు. ఏడిస్ దోమలోని సియాలోకైనిన్ రక్తనాళమును వెడల్పు చేయును. ఈ పరాయి పదార్థములను గుర్తించి మన శరీరమే హిస్టమిన్ విడుచును. దురదకు ముఖ్యకారణ మదియే.

దురదతో పోయిన బాగుండును. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. కడుపులోని క్రిమి మనుష్యుని ఎట్లు చేరును? దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటవలన కాబోలునని ఆనాడు పెద్ద శాస్త్రజ్ఞులే తలచిరి. రాస్ 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశీలించి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులలోనికి చేరుట కనిపెట్టెను. మందు వచ్చు దారినే రోగమును వచ్చుచున్నది.

1984లో మరియొక విశేషము వెల్లడియైనది. పక్షుల మలేరియా సోకిన ఏడిస్ దోమల లాలాజలమున ఆపైరేజు బాగుగ తగ్గియుండెను. మందు చాలక నెత్తురు త్వరగా దొరకదు. అట్టి దోమ ఎక్కువసేపు తొండమును గ్రుచ్చి గ్రుచ్చి వెదకును. గ్రుచ్చినపుడెల్ల లాలాజలము దిగును, దానితో క్రిములును దిగవచ్చును. కడుపు నిండకమునుపే మనము విసరికొట్టిన దోమ, ప్రక్క మంచముపై నిద్రించు బిడ్డమీద వ్రాలును.