అమ్మమ్మ కోడికి జబ్బు చేసింది: ఫోన్, థర్మామీటర్, ఏఐ చాట్‌బాట్‌లలో ఏది పనికొచ్చింది?

ఫోన్ కెమెరాని పగలు, రాత్రి, పోర్ట్రెయిట్, జూమ్ అంటూ ఎన్నో రకాలుగా టెస్ట్ చేశా. కోడి రెట్ట ఫోటో తీసి టెస్ట్ చేయడం మాత్రం ఇదే ఫస్ట్ టైమ్. నవ్వకండి. ఆ ఒక్క ఫోటో వల్ల మా అమ్మమ్మ పదకొండు కోళ్లని అయినకాడికి అమ్మేయబోయింది.

పోయిన నెల వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లా. పెరట్లో పది నాటు పెట్టలు, ఒక పుంజు. గుడ్ల డబ్బులు అమ్మమ్మ సొంత ఖర్చులకి. మందులకి కూడా మమ్మల్ని అడగదు, అందులోంచే తీస్తుంది.

గురువారం సాయంత్రం ఎర్రపెట్ట ఒక మూలకి చేరింది. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని నిలబడింది. నూకలు వేస్తే మిగతావన్నీ పరిగెత్తుకొచ్చాయి, ఇది కదల్లేదు. కింద చూస్తే ఆకుపచ్చ రెట్ట.

పక్కింటి పెద్దాయన గోడ మీంచి చూసి తేల్చేశాడు. "కొక్కెర తెగులమ్మా. ఇది చచ్చేలోపు కూరొండుకో, మిగతావి శనివారం బేరగాడొస్తే ఇచ్చేయ్."

అమ్మమ్మ ఏమీ అనలేదు. రాత్రి అన్నం పెడుతూ మాత్రం, "ఏందిరా, నీ ఫోనులో అన్నీ తెలుస్తయ్ అంటావుగా, దీనికేమైందో చెప్పదా?" అంది.

అలా మొదలైంది ఈ రివ్యూ. చేతిలో ఉన్నది ఒక్క శుక్రవారం.

ఏఐ చాట్‌బాట్: స్పీడ్ సూపర్, జవాబు తప్పు

ముందు అందరిలాగే ఫోటో తీసి చాట్‌బాట్‌కి పెట్టా. ఆకుపచ్చ రెట్ట, ఉబ్బిన ఈకలు, మేత తినడం లేదు అని టైప్ చేశా. రెండు సెకన్లలో జవాబు వచ్చింది: "రాణిఖేత్ వ్యాధి అయ్యే అవకాశం చాలా ఎక్కువ." మన ఊళ్లలో కొక్కెర తెగులు అనేది దీన్నే. దానికి మందు లేదు, ముందే టీకా వేయించుకోవాలి. మా కోళ్లకి టీకా వేయించలేదు. గుండె జారిపోయింది.

తర్వాత అదే ఫోటో పెట్టి ప్రశ్న మార్చా: "మేత తినని కోడికి రెట్ట ఆకుపచ్చగా ఎందుకు వస్తుంది?" ఈసారి వేరే సంగతి చెప్పింది. లోపలికి తిండి వెళ్లకపోతే పైత్యరసం అలాగే బయటికొస్తుంది, అందుకే రెట్ట ఆకుపచ్చగా ఉంటుంది, చాలా జబ్బుల్లో ఇది మామూలే అని. మరి మొదటిసారి ఈ ముక్క ఎందుకు చెప్పలేదు? నేను అడగలేదు కాబట్టి. నేనిచ్చిన మూడు లక్షణాలకి బాగా సరిపోయే పేరు తెచ్చి ఇచ్చింది, అంతే. పక్కింటి పెద్దాయన చేసిందీ అదే పని.

ఆఫీసులో బగ్ వస్తే ఎర్రర్ మెసేజ్ ఒక్కటే చూసి కోడ్ మార్చం కదా. లాగ్స్ తీస్తాం. బాగా నడుస్తున్న సిస్టమ్‌తో పోల్చి చూస్తాం. ఇక్కడా అదే చేద్దామనుకున్నా. ఎర్రపెట్ట పక్కన ఆరోగ్యంగా ఉన్న నల్లపెట్టని పెట్టుకుని, ప్రతి టెస్టూ రెండింటికీ చేశా.

మార్కులు: 10కి 4. సరైన ప్రశ్న అడగడం వస్తేనే ఈ నాలుగూ.

థర్మామీటర్: కోడికి ఎప్పుడూ జ్వరమే

కరోనా టైమ్‌లో కొన్న ఇన్‌ఫ్రారెడ్ గన్ ఇంట్లో ఉంది. ఎర్రపెట్ట వీపు మీద పెడితే 93 ఫారన్‌హీట్. నల్లపెట్టకి 94. తురాయి మీద పెడితే ఇంకో నంబర్. ఈకలు దుప్పటిలాంటివి, గన్ కొలిచేది ఆ దుప్పటి పైభాగాన్ని. పైగా అది మనిషి నుదురు కోసం లెక్కలు వేసి నంబర్ చూపించే పరికరం.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. మనకి 98.6 నార్మల్. కోడికి 105 నుంచి 107 వరకూ నార్మలే. మన లెక్కలో అది ఆస్పత్రిలో చేరాల్సిన జ్వరం. కాబట్టి ఎవరైనా సరిగ్గా కొలిచి "106 ఉంది" అన్నా కంగారు పడక్కర్లేదు. సరిగ్గా కొలవాలంటే వెనక ద్వారంలో పెట్టి చూడాలి, ఆ పని డాక్టర్లకి వదిలేయండి.

మార్కులు: 10కి 1. బ్యాటరీ బాగుందని.

టార్చ్: రాత్రి చెకింగ్‌కి బెస్ట్

శుక్రవారం తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే గూడు దగ్గరికెళ్లా. చీకట్లో కోడి గొడవ చేయదు, చేతికి సులువుగా దొరుకుతుంది. అమ్మమ్మ పట్టుకుంది, నేను ఫోన్ టార్చ్ వేసి వరసగా చూశా.

కళ్లు, ముక్కు: నీరు కారడం లేదు, వాపు లేదు. తురాయి: పొక్కులు లేవు, అంటే అమ్మవారు కాదు. నోరు: తెల్లటి పొరలు లేవు. రెక్కల కింద, వెనక ద్వారం చుట్టూ: పేలు కనపడలేదు. గూటి కర్రల సందుల్లో కూడా వెతికా, ఎందుకంటే కోడి నల్లుల్లాంటి ఎర్ర పురుగులు పగలు అక్కడ దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. అవీ లేవు. గుడ్డు అడ్డం పడిందేమో అని అమ్మమ్మ పొట్ట కింద తడిమి చూసింది. గట్టిగా ఏమీ తగల్లేదు, ముక్కడం కూడా లేదు. రెట్టలో రక్తం లేదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త పారుడు అలా తేలిపోయింది.

మార్కులు: 10కి 8. రెండు వేల రూపాయల ఫోన్‌లో ఉన్న టార్చ్ అయినా చాలు.

పాత ఫోన్‌తో సీసీటీవీ: అసలు క్లూ ఇక్కడ దొరికింది

మనం దగ్గరికెళ్తే జబ్బు కోడి కూడా ఓపిక తెచ్చుకుని నిటారుగా నిలబడుతుంది. బలహీనంగా కనపడితే ప్రమాదమని దాని భయం. అందుకే స్క్రీన్ పగిలిన నా పాత ఫోన్‌ని సీసీటీవీ యాప్‌తో పెరట్లో కట్టేశా. ఎర్రపెట్టని విడిగా పెద్ద గంప కింద ఉంచి, నీళ్లు, నూకలు పెట్టా. ఒకవైపు స్టాండప్ మీటింగ్, ఇంకోవైపు కోడి లైవ్.

మధ్యాహ్నానికి నాలుగు విషయాలు తెలిశాయి.

ఒకటి, ఊపిరి మామూలుగానే ఉంది. వీడియో పాజ్ చేస్తూ లెక్కపెడితే ఎర్రపెట్టకి నిమిషానికి 24, నల్లపెట్టకి 22. నోరు తెరిచి రొప్పడం లేదు, గురక లేదు.

రెండు, మెడ తిరిగిపోవడం, కాలు ఈడ్చడం, రెక్క వాలిపోవడం లేవు. రాణిఖేత్‌లో తరచూ కనిపించే లక్షణాలివి. పైగా అది మందలో గబగబా పాకే జబ్బు. మిగతా పదీ కుమ్ముకుంటూ తింటున్నాయి.

మూడు, దీనికి ఆకలి ఉంది. మేత దగ్గరికొస్తుంది, ఒక గింజ ముక్కుతో పట్టుకుంటుంది, వదిలేస్తుంది. గంటలో నాలుగుసార్లు ఇదే.

నాలుగు, మాటిమాటికీ నీళ్లు తాగి, మెడ ముందుకి చాచి అటూఇటూ తిప్పుతోంది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు.

ఇంటర్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు వెటర్నరీ చదువుతున్నాడు. వాడికి ఈ క్లిప్పులు పంపా. ఫోటోలకి "ఏమైనా అయ్యుండొచ్చు మామా" అన్నవాడు, నాలుగో క్లిప్ చూడగానే కాల్ చేశాడు. "రాత్రి మేత తీసెయ్, నీళ్లుంచు. పొద్దున్నే మేత పెట్టకముందు మెడ కింద సంచి పట్టుకుని చూడు. బాగున్న కోడిది కూడా చూడు."

మార్కులు: 10కి 9. డ్రాయర్‌లో పడున్న ఫోన్ పారేయకండి.

చెయ్యి: ఛార్జింగ్ అక్కర్లేని డివైస్

కోడి తిన్నది ముందు మెడ మొదట్లో, రొమ్ముకి కొంచెం కుడివైపున ఉండే సంచిలో నిలుస్తుంది. ఇంగ్లీషులో క్రాప్ అంటారు. అక్కడ నాని, కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. సాయంత్రం నిండుగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి.

శనివారం పొద్దున్నే ముందు నల్లపెట్టని పట్టుకున్నా. ఆ చోట చర్మం మెత్తగా, వదులుగా ఉంది, లోపల ఏమీ లేదు. తర్వాత ఎర్రపెట్ట. టెన్నిస్ బంతి అంత గట్టి ముద్ద. రాత్రంతా మేత లేకపోయినా అలాగే ఉంది.

రొమ్ము ఎముక కత్తిలా తేలింది. అంటే సంచి నిండుగా ఉన్నా ఒంట్లోకి ఏమీ పోవడం లేదు, కోడి పస్తులుంటోంది. ఆకుపచ్చ రెట్ట ఎందుకో అప్పుడర్థమైంది.

అమ్మమ్మ కూడా పట్టుకుని చూసింది. "తెగులు కాదురా ఇది. ఏదో మింగింది." అదే నిమిషంలో మారుబేరగాడి బండి హారన్ వినపడింది. అమ్మమ్మ గుమ్మంలోకెళ్లి, "ఇవాళ ఏమీ లేవు నాయనా" అని పంపేసింది. అంతవరకూ నాకు తట్టని మాట లోపలికొచ్చాక అంది: "నిజంగా తెగులే అయితే అమ్మితే ఇంకోళ్ల పెరటికి పంపినట్టేగా."

పశువుల ఆస్పత్రిలో

ఇక్కడో హెచ్చరిక. ఇలాంటప్పుడు కోడిని తలకిందులు చేసి పిండితే లోపలిది ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే చచ్చిపోవచ్చు. నోట్లో బలవంతంగా నూనె పోసినా అదే ప్రమాదం. మేం ఏమీ చేయకుండా గంపలో పెట్టుకుని ఆటోలో పశువుల ఆస్పత్రికి వెళ్లాం.

డాక్టరమ్మ గారు చేత్తో చూసి, నా వీడియోలు కూడా చూశారు. మెత్తబడే రకం కాదు, కోయాల్సిందే అన్నారు. మత్తు సూది ఇచ్చి, నాలుగు ఈకలు పీకి, చిన్న గాటు పెట్టి లోపలి ముద్ద బయటికి తీశారు. ఎండు గడ్డి. దాని చుట్టూ ఉండలా చుట్టుకున్న తెల్ల నైలాన్ దారం, జానెడు పైనే.

తవుడు బస్తా మూతి కుట్టిన దారం అది. ముందు వారం ఆ బస్తా విప్పింది నేనే. దారం లాగి పెరట్లో పడేశా. అమ్మమ్మ నా వైపు చూసింది, ఏమీ అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

సంచికి ఒక వరస, చర్మానికి ఒక వరస కుట్లు వేశారు. కొన్ని రోజులు నానబెట్టిన మెత్తటి మేత కొంచెం కొంచెంగా పెట్టమన్నారు, మందులు వాడినన్నాళ్లూ ఆ తర్వాత తను చెప్పేదాకా దీని గుడ్లు తినొద్దన్నారు.

లగేజీ స్కేల్: ఆలస్యంగా పనికొచ్చింది

ఫ్లైట్ లగేజీ తూచే చిన్న కొక్కెం స్కేల్‌కి సంచి తగిలించి ఎర్రపెట్టని రోజూ తూచా. ఆపరేషన్ రోజు 1.42 కిలోలు, పదో రోజుకి 1.55. జబ్బు ముందు బరువెంతో రాసిపెట్టుకుని ఉంటే తేడా ముందే పట్టేవాళ్లం. ఇప్పుడు నెలకోసారి అన్నింటినీ తూచి నోట్స్‌లో రాస్తున్నా. మార్కులు: 10కి 7.

ఫైనల్ వెర్డిక్ట్

మీ పెరటి కోడి డల్‌గా ఉంటే ఈ వరస పాటించండి. ముందు విడిగా పెట్టండి, చేతులు కడుక్కోండి. ఊపిరి, నడక, తినడం, తాగడం వీడియో తీయండి. టార్చ్‌తో తల నుంచి తోక దాకా చూడండి. రాత్రి మేత తీసేసి పొద్దున్నే సంచి తడమండి. ప్రతిదీ బాగున్న కోడితో పోల్చండి. ఇవన్నీ తీసుకుని డాక్టర్ దగ్గరికెళ్లండి. దారి తెలియకపోతే పశువుల అంబులెన్స్ నంబర్ 1962 ఉంది. ఒకేసారి చాలా కోళ్లు చచ్చిపోతుంటే మాత్రం ఈ టెస్టులేవీ వద్దు. ముట్టుకోకుండా, అమ్మకుండా వెంటనే పశువైద్యశాలకి చెప్పండి.

ఫోన్ జబ్బు పేరు చెప్పలేదు. కానీ మనం లేనప్పుడు కోడి ఏం చేస్తుందో చూపించింది. నా వరకు ఆ పని చాలు.

డాక్టరమ్మ గారి సలహాతో మిగతా పదింటికీ రాణిఖేత్ టీకా వేయించాం, ఎర్రపెట్టకి కోలుకున్నాక. బస్తా దారాలకి ఇప్పుడు వంటింట్లో ఒక డబ్బా ఉంది. అమ్మమ్మ దాని మీద ఏమీ రాయలేదు కానీ, అది ఎవరి డబ్బానో ఇంట్లో అందరికీ తెలుసు.