మానవుడు చొరరాని గదిలో యంత్రము
అణుకేంద్రముల తొలగింపు – రోబోల విశ్వసనీయత

అణువిద్యుత్కేంద్రమును కట్టుట కంటె దానిని విప్పుట కష్టము. కట్టునాడు ఇనుము ఇనుమే, కాంక్రీటు కాంక్రీటే. ముప్పది నలువది ఏండ్లు పనిచేసిన పిమ్మట రియాక్టరు చేరువనున్న ఇనుమే వికిరణమును వెదజల్లు వస్తువగును. గొట్టముల లోపలి మడ్డి, నీటి తొట్ల అడుగున పేరుకొన్న బురద, గోడల పైపూత యన్నియు అనుమానింపదగినవే. కూలివానికి గునపమిచ్చి లోనికి పంపుటకు వీలులేదు. కావున అచ్చటికి రోబోను పంపవలసి వచ్చును. తెలుగున మరమనిషి యను చక్కని మాట యున్నది గాని, ఈ పనికి పూనుకొను యంత్రములలో మనిషి పోలిక గలవి అరుదు. చక్రములపై నడచు పెట్టెలు కొన్ని, నీట మునుగు గోళములు కొన్ని, పామువలె ప్రాకు గొట్టములు కొన్ని. అందుచే రోబో యను మాటనే ఇచ్చట గ్రహించుట మేలు.

ఫరంపేటలోనో, యానాం వీధులలోనో నివసించువారికి ఇది దూరపు ముచ్చటగా తోచవచ్చును. కాని యానాం ఏ పుదుచ్చేరి పాలనలో నున్నదో, ఆ పుదుచ్చేరికిని చెన్నపట్టణమునకును నడిమి తీరముననే కల్పాక్కము కలదు. తారాపూరు కేంద్రము 1969లో విద్యుత్తు నిచ్చుట కారంభించినది. రాజస్థానమున రావత్‌భాటాలోని మొదటి రియాక్టరు 1973లో ఉత్పత్తి ప్రారంభించి, 2004 నుండి నిలిచిపోయినది. వీనిని విప్పవలసిన దినము రాక తప్పదు.

ఈ విద్య పుట్టుకతో తెలుగువారికొక సంబంధము గలదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియాలో మరికొంత అభ్యసించి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో స్థాపింపబడిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూటునకు ఆయనయే తొలి డైరెక్టరు. 1994లో ట్యూరింగు పురస్కారము నందుకొనెను. అదే 1979 మార్చి 28వ తేదీన, అదే పెన్సిల్వేనియా రాష్ట్రమున, త్రీ మైల్ ఐలెండ్ రెండవ రియాక్టరు ప్రమాదమునకు గురియైనది. నేలమాళిగ కలుషిత జలముతో నిండెను. ప్రమాదమునకు పిదప మనుష్యుడు అడుగిడని ఆ నేలమాళిగలోనికి 1984లో కార్నెగీ మెలన్‌కు చెందిన విలియం విటేకర్ బృందము చక్రముల బండి నొకదానిని దించినది. దానికి కెమెరాలుండెను, పొడవైన కేబులుండెను, స్వబుద్ధి మాత్రము లేదు. దూరమున కూర్చున్న మనుష్యుడు చూచి నడపినట్లు అది నడచినది. దానియందలి విశ్వాసమంతయు నడుపువాని చేతియందలి విశ్వాసమే.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో ప్రమాదము జరిగిన పిదప, పైకప్పుపై పడిన రేడియో ధార్మిక శకలములను త్రోయుటకు రోబోలను దించిరి. తీవ్ర వికిరణమునకు వాని ఎలక్ట్రానిక్ భాగములు పాడైనవి. తుదకు పారలిచ్చి సైనికులను పంపిరి. ఒక్కొక్కడు కొన్ని నిమిషములు మాత్రమే అచ్చట నిలువవచ్చును. యంత్రము విఫలమైనచో దాని మూల్యము నెవరు చెల్లింతురో ఆ పైకప్పు చూపినది. జపానులో 2011 మార్చి 11న సునామీ ఫుకుషిమా కేంద్రమును ముంచెను. ఆ యేడే అక్టోబరులో క్విన్స్ అను రోబో రెండవ రియాక్టరు భవనములో కేబులు తెగి అచ్చటనే నిలిచిపోయినది. 2017 ఫిబ్రవరిలో పంపిన మరియొక రోబో కూడ అదే రియాక్టరులో చిక్కుకొని తిరిగి రాలేదు.

కేబులు చిక్కుకొనును, దట్టమైన కాంక్రీటు గోడలను రేడియో తరంగములు దాటజాలవు, కెమెరా కన్ను వికిరణమునకు మసకబారును. కావున కొన్ని నిర్ణయములను యంత్రమే తీసికొనవలెను. నిర్ణయము తీసికొనునది సాఫ్ట్‌వేరు. దానిని నమ్ముట ఎట్లు? డాక్టరేటు పరిశోధకులు నేడు పాటుపడుచున్నది ఈ ప్రశ్నపైననే.

పలుమారులు పరీక్షించిన చాలునని తోచును. కాని అవును, కాదు అను రెండేసి స్థితులు గల అంశములు 30 ఉన్నచో వాని కలయికలు 107 కోట్లను మించును. సెకనుకొక్కటి చొప్పున పరీక్షించినను 34 ఏండ్లు పట్టును. ఒక ఉదాహరణము చూతము. రోబోకు రెండు నియమములు వ్రాసిరనుకొందము. వికిరణము మితిమీరినచో వెనుకకు మరలవలెను. తానున్న చోటు నిశ్చయముగ తెలియనిచో కదలరాదు. రెండును వివేకము గల నియమములే. వేరువేరుగ పరీక్షించిన రెండును నెగ్గును. కాని తీవ్ర వికిరణము చోటును గుర్తించు పరికరమునే చెడగొట్టినచో? మొదటి నియమము మరలుమనును, రెండవది నిలువుమనును. సాఫ్ట్‌వేరు రెండవదానికి ప్రాధాన్యమిచ్చినచో రోబో అత్యంత ప్రమాదకరమైన చోటనే నిలిచి, క్రమముగ చెడి, తరువాత వచ్చు రోబోకు అడ్డుగోడ యగును. మూడవ నియమమొకటి కావలెను: అట్టి స్థితిలో, వచ్చినప్పుడు చక్రములు తిరిగిన లెక్కను బట్టి వచ్చిన దారినే నెమ్మదిగ మరలవలెను.

ఇట్టి కలయికలను గణితముతో వెదకి పట్టు పద్ధతికి మోడల్ చెకింగ్ అని పేరు. ప్రతిరూప శోధనమని తెలుగున అనవచ్చును. సాఫ్ట్‌వేరు ప్రవర్తనకు ఒక గణిత ప్రతిరూపమును నిర్మించి, అది చేరగల స్థితులన్నింటిని కంప్యూటరే గాలించి, నియమభంగము జరుగు దారి యున్నచో దానిని అడుగడుగున చూపును. అమెరికాలో ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్. ఫ్రాన్సులో, గ్రెనోబుల్ నగరమున, జోసెఫ్ సిఫాకిస్ 1980ల తొలినాళ్ళలో దీనికి పునాది వేసిరి. ఈ మువ్వురికిని 2007 సంవత్సరపు ట్యూరింగు పురస్కారము లభించినది. క్లార్క్ 1982లో చేరినది రాజ్ రెడ్డి పనిచేయుచుండిన కార్నెగీ మెలన్‌లోనే. ఫ్రెంచి దేశమున ఈ తరహా గణితము పుస్తకములకే పరిమితము కాలేదు. 1998లో ప్యారిస్‌లో ప్రారంభమైన, డ్రైవరు లేని 14వ మెట్రో మార్గపు భద్రతా సాఫ్ట్‌వేరును బి-పద్ధతి యను గణిత నిరూపణముతోనే రచించిరి.

అయితే మెట్రో సొరంగము మనుష్యుడు కొలిచి కట్టినది. పాడైన రియాక్టరు గది అట్టిది కాదు. ప్రతిరూపమునందు లేనిది నిరూపణమునందు ఉండదు. మన తర్కశాస్త్రము ఈ చిక్కును ఎన్నడో గుర్తించినది. ఆంధ్రుడని ప్రతీతి గల అన్నంభట్టు తర్కసంగ్రహము చదివినవారికి ఉపాధి యను దోషము తెలియును. నిప్పున్న చోటనెల్ల పొగయుండునను అనుమానము తప్పు. ఏలయన తడికట్టె యుండుట యను షరతు అందు మరుగుపడియున్నది. రోబో నియమముల వెనుకను ఇట్టి తడికట్టెలు దాగియుండును: నేల సమముగ నున్నదనియో, తలుపు తెరచియున్నదనియో. అట్టి షరతు లొక్కొక్కటిని వెలికిదీసి వ్రాయుట ఈ పరిశోధనలో సగము పని యనిన అతిశయోక్తి కాదు. ఫుకుషిమాలో 2024 ఆగస్టునందు పని ఆగిపోయినది సాఫ్ట్‌వేరు దోషము వలన కాదు, పరికరమును లోనికి నెట్టు గొట్టములను వరుస తప్పి అమర్చుట వలన.

లివర్‌పూల్ విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ ఫిషర్, లూయీస్ డెన్నిస్, మాట్ వెబ్‌స్టర్ 2013లో ఒక వివేకవంతమైన మార్గము సూచించిరి. యంత్రము ఎల్లప్పుడు సరియైనదే చేయునని నిరూపించుట అసాధ్యము. తనకు తెలిసినంతలో హానికరమని ఎరిగిన పనిని అది ఎన్నుకొనదని నిరూపించుట సాధ్యము. మనుష్యుని విషయమునను మనము కోరునది ఇంతియే గదా! చిత్రములను చూచి నేర్చుకొను నూతన సాఫ్ట్‌వేరునకు మాత్రము ఇట్టి నిరూపణము అంత సులభము కాదు. అందుచే దాని చుట్టును నిరూపితమైన చిన్న కాపలా సాఫ్ట్‌వేరు నొకదానిని నిలిపి, హద్దు దాటు ఆజ్ఞలను అది అడ్డునట్లు చేయుట నేటి పద్ధతి.

పని మాత్రము కొండంత. బ్రిటనులోని సెల్లాఫీల్డును శుభ్రపరచుట ఇంచుమించు 2125 వరకు సాగునని అంచనా. ఫుకుషిమాలో కరిగిన ఇంధన శిథిలములు సుమారు 880 టన్నులు. రెండవ రియాక్టరు నుండి 2024 నవంబరులో తొలిసారి వెలికితీసినది ఒక గ్రాముకైనను తక్కువ.