సైకిలు పందేనికి పునాది: వేగానికి ముందు దమ్ము

అణ్ణాదురై జయంతి (సెప్టెంబరు 15) సందర్భంగా తమిళనాడు క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ ఏటా జిల్లాలవారీగా బడిపిల్లలకు సైకిలు పందేలు నిర్వహిస్తున్నది. పదమూడేళ్లలోపు బాలురకు 15, బాలికలకు 10 కిలోమీటర్లు. పదిహేను, పదిహేడేళ్లలోపు విభాగాలలో బాలురకు 20, బాలికలకు 15 కిలోమీటర్లు. గేర్లు లేని సాధారణ సైకిళ్లనే వాడవలసి ఉంటుంది. కోయంబత్తూరు చెంత పీళమేడు, సూలూరు మొదలు మదురై చెంత తిరుమంగళం వరకు, తరతరాలుగా తెలుగు మాట్లాడే మన ఇండ్ల పిల్లలకు కూడా ఇది అందుబాటులో ఉన్న అవకాశం.

కొన్నేళ్ల క్రిందట తొమ్మిదవ తరగతి చదివే నా శిష్యుడొకడు ఈ పందేనికి పేరిచ్చాడు. మూడు వారాల ముందు సాధన మొదలుపెట్టించాను. ప్రతి సాయంత్రం గడియారం చేతబట్టి, "ఇంకా వేగంగా తొక్కరా" అని తరిమినవాడిని నేనే. పందెంనాడు పన్నెండవ కిలోమీటరు దాకా ముందున్న ఆ పిల్లవాడు, ఆపై కాళ్లు బిగుసుకొని దారిప్రక్కన కూలబడ్డాడు. "నాకు చేతకాదు సార్" అన్నాడు. మళ్లీ పందెం మాట ఎత్తలేదు. లోపం వాడిది కాదు, నా బోధనది. ఆ లోపం మరొకరి వల్ల జరుగరాదనే ఈ వ్యాసం.

దమ్ము అంటే ఏమిటి?

కండరం తన శక్తిని రెండు మార్గాలలో సంపాదించుకుంటుంది. ప్రాణవాయువు చాలినంత అందితే ఒక గ్లూకోజు అణువు నుండి సుమారు 30 ఏటీపీ అణువులు లభిస్తాయి. కండరం ఖర్చుపెట్టుకొనే నాణేలు ఇవే. ప్రాణవాయువు చాలనప్పుడు అదే గ్లూకోజు నుండి లభించేవి రెండే. అలసట కూడా త్వరగా కమ్ముకుంటుంది. 20 కిలోమీటర్ల పందెం అరగంటకు మించిన పని. కనుక అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా శక్తి మొదటి మార్గం నుండే రావాలి.

ఆ మార్గాన్ని విశాలం చేయడమే పునాది. వారాల తరబడి తేలికగా, ఎక్కువసేపు తొక్కితే గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. కండరాలలో రక్తకేశనాళికలు పెరుగుతాయి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు వృద్ధి చెందుతాయి. 1967లో అమెరికా శాస్త్రవేత్త జాన్ హొలోజీ, క్రమంగా పరుగెత్తించిన ఎలుకల కండరాలలో ప్రాణవాయువును వినియోగించుకొనే శక్తి ఇంచుమించు రెట్టింపయినట్లు నిరూపించాడు.

మన తాతలు బావిని లోతుగా తవ్వించిన తరువాతనే కపిల తోలారు. ఊట లేని బావి మీద ఎడ్లను ఎంత తరిమినా నీరు రాదు. నేను చేసింది ఆ పనే.

ఎంత నెమ్మదిగా తొక్కాలి?

దీనికి యంత్రాలు అక్కరలేదు. తొక్కుతూనే వేమన పద్యం ఒకటి, పాదం మధ్యలో ఊపిరి తెగకుండా చెప్పగలిగితే అది సరియైన వేగం. తిరుక్కురళ్ చెప్పినా సరే. మాట తెగుతున్నదంటే వేగం తగ్గించాలి.

వేగాన్ని కిలోమీటర్లతో కొలవకండి. జూన్ నుండి పాలక్కాడు కనుమ గుండా వీచే పడమటి గాలికి సూలూరు, పల్లడం ప్రాంతాలలో ఎదురు తొక్కడం మెట్ట ఎక్కినంత శ్రమ. మదురైలో ఎండ వల్ల అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. అందుచేత తెల్లవారుజామునే బయలుదేరి, ఊపిరినే కొలతగా పెట్టుకోవాలి.

పన్నెండు వారాల క్రమం

జూన్ మూడవ వారంలో ఆరంభించండి. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు 30 నుండి 40 నిమిషాలు తేలికగా తొక్కాలి. తరువాతి నాలుగు వారాలలో ఆదివారపు సవారీని మెల్లగా 75 నిమిషాలకు పెంచాలి. ప్రతి నాలుగవ వారంలో సాధనను మూడింట ఒక వంతు తగ్గించాలి. శరీరం బలపడేది విశ్రాంతిలోనే. తొమ్మిదవ వారం నుండి వారానికి ఒక్కరోజు మాత్రం మూడు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు తేలికగా, నాలుగు మార్లు తొక్కించాలి. చివరి వారం సాధనను సగానికి తగ్గించాలి.

ఉదయం లేవగానే నాడి లెక్కించి వ్రాసుకోవాలి. అది మామూలు కంటే పది ఎక్కువైతే ఆనాడు విశ్రాంతి. పెడలు క్రిందికి దిగినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేట్లు సీటు ఎత్తు సరిచేయాలి. రహదారి మాని ఊరి బాటలనే ఎంచుకోండి, శిరస్త్రాణం మరువకండి.

నెమ్మదిగా తొక్కితే వేగం ఎలా వస్తుందని పెద్దలు అడుగుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పరుగు గెలిచిన న్యూజిలాండ్ వీరుడు పీటర్ స్నెల్‌ను గుర్తుచేయండి. రెండు నిమిషాలైనా పట్టని ఆ పందేనికి, గురువు ఆర్థర్ లిడియార్డ్ అతనిచేత వారానికి సుమారు 160 కిలోమీటర్లు పరుగెత్తించాడు.

మా బడిలో ఇప్పుడు సాధన వేళ గడియారం చేతబట్టడం లేదు. పిల్లల వెంట నేనూ సైకిలు తొక్కుతూ పద్యం చెప్పిస్తున్నాను. తల్లిదండ్రులారా, మీరూ ప్రయత్నించండి. పిల్లవాడికి దమ్ము, నోటికి తెలుగు, రెండూ నిలుస్తాయి.