రగ్బీలో వీపు మీది నంబరే అసలు కథ.. ఆటగాడు సరైన స్థానంలోనే ఉన్నాడా? తేలేది ఇలా!

ఫోన్‌లో రగ్బీ క్లిప్ కనిపించిందంటే మన కళ్లన్నీ బంతి పట్టుకుని దూసుకెళ్లేవాడి మీదే. ఇద్దరిని తప్పించుకున్నాడు, మూడోవాణ్ని తోసేశాడు, గీత దాటి బంతిని నేలకు ఆనించాడు.. ట్రై! క్లిప్ అయిపోయింది. కానీ ఆ జట్టు కోచ్‌ను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటుంది. అది ఆ 20 సెకన్లలో కనిపించదు. ఇంత బాగా ఆడేవాణ్ని అసలు సరైన చోటే ఆడిస్తున్నామా అన్నదే ఆ ప్రశ్న.

ఇదేదో అభిమానుల కాలక్షేపం చర్చ అనుకుంటే పొరపాటే. ఈ లెక్క కుదరక ఓ సూపర్‌స్టార్ ఏడాదికే వెనక్కి వెళ్లిపోయాడు. ఈ లెక్క మీదే పెద్ద జూదం ఆడి ఓ జట్టు ప్రపంచకప్ ఎత్తుకెళ్లింది. కొన్ని స్థానాల్లో అయితే తప్పు మనిషిని నిలబెడితే మెడకే ప్రమాదం. 2027 అక్టోబర్ 1న ఆస్ట్రేలియాలో రగ్బీ ప్రపంచకప్ మొదలవుతుంది. తొలిసారి 24 జట్లు బరిలో దిగుతున్నాయి. ఆలోపు ప్రతి కోచ్ తేల్చుకోవాల్సిన విషయం ఇదే. మరి ఏ స్థానానికి ఎవరు సరిపోతారు? వివరంగా చూద్దాం.

నంబర్ చూస్తే పని తెలిసిపోతుంది

క్రికెట్‌లో జెర్సీ నంబర్ ఆటగాడి ఇష్టం. 15 మంది ఆడే రగ్బీ యూనియన్‌లో అలా కుదరదు. అక్కడ నంబర్ అంటే ఉద్యోగం. 1 నుంచి 8 వరకు ఫార్వర్డ్స్. బంతి కోసం కొట్లాడి సంపాదించేది వీళ్లు. 9 నుంచి 15 వరకు బ్యాక్స్. సంపాదించిన బంతితో పాయింట్లు రాబట్టేది వీళ్లు.

1, 3: ప్రాప్‌లు. స్క్రమ్‌లో ముందు నిలబడి భారం మోసేవాళ్లు.
2: హుకర్. స్క్రమ్‌లో కాలితో బంతిని వెనక్కి లాగుతాడు. బంతి పక్క గీత దాటి బయటికెళ్లాక జరిగే లైనౌట్‌లో బంతి విసిరేది కూడా చాలావరకు ఇతనే.
4, 5: లాక్‌లు. జట్టులో పొడగరులు. లైనౌట్‌లో గాల్లోకి లేచి బంతి అందుకుంటారు.
6, 7: ఫ్లాంకర్లు. ట్యాకిల్ చేయడం, నేలమీద బంతిని లాక్కోవడం వీళ్ల పని.
8: నంబర్ ఎయిట్. స్క్రమ్‌లో చివర ఉంటాడు. బలం, పరుగు రెండూ ఉండాలి.
9: స్క్రమ్ హాఫ్. ప్రతి గుంపులోంచి బంతి తీసి అందించేవాడు.
10: ఫ్లై హాఫ్. పాస్ ఇవ్వాలా, తన్నాలా, పరిగెత్తాలా అని క్షణాల్లో నిర్ణయించేవాడు.
12, 13: సెంటర్లు. మధ్యలో గోడలా నిలిచి, దొరికితే గోడ బద్దలు కొట్టేవాళ్లు.
11, 14: వింగర్లు. అంచుల్లో పరుగు వీరులు.
15: ఫుల్ బ్యాక్. అందరికంటే వెనక ఉండి, పైనుంచి వచ్చే బంతుల్ని పట్టేవాడు.

కబడ్డీలో కార్నర్‌లో నిలబడి చీలమండ పట్టేవాణ్ని తీసుకెళ్లి రైడ్‌కి పంపితే ఏమవుతుందో మనకు తెలుసు కదా. వాడు చెడ్డ ఆటగాడేం కాదు. ఆ పని వాడిది కాదు, అంతే. రగ్బీలోనూ అసలు ప్రశ్న ఇదే. ఆటగాడు మంచోడా కాదా అని కాదు.. ఆ నంబర్ అడిగే పని అతని చేతిలో ఉందా లేదా?

క్లబ్ ఒకటంది.. దేశం ఇంకొకటంది

ఈ ప్రశ్నకు అందరూ చెప్పుకునే ఉదాహరణ సామ్ బర్గెస్. 13 మంది ఆడే రగ్బీ లీగ్‌లో అతనో హీరో. 2014లో ఆస్ట్రేలియా లీగ్ ఫైనల్లో మొదట్లోనే చెంప ఎముక విరిగినా మ్యాచ్ మొత్తం ఆడి, సౌత్ సిడ్నీ జట్టుకు 1971 తర్వాత తొలి టైటిల్ అందించాడు. ఆ వెంటనే ఇంగ్లండ్ వచ్చి 15 మంది ఆడే యూనియన్‌లోకి మారాడు.

చిక్కు ఇక్కడే మొదలైంది. అతని క్లబ్ బాత్ చివరికి అతణ్ని 6వ నంబర్ ఫ్లాంకర్‌గా స్థిరపరిచింది. ఇంగ్లండ్ జట్టు మాత్రం 12వ నంబర్ సెంటర్‌గా ఎంచుకుంది. రెండూ అతనికి కొత్త పాఠాలే. ఫ్లాంకర్ అయితే ట్యాకిల్ తర్వాత నేలమీద జరిగే పెనుగులాట నేర్చుకోవాలి. లీగ్‌లో అలాంటి పోటీయే ఉండదు. సెంటర్ అయితే ఎదుటి జట్టు దాడి ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టాలి. దానికి ఏళ్ల అనుభవం కావాలి. అతనికి దొరికింది నెలలే.

2015 ప్రపంచకప్‌లో వేల్స్‌పై బర్గెస్ 12వ నంబర్‌తో బరిలో దిగాడు. ఇంగ్లండ్ 25-28తో ఓడింది. తర్వాత ఆస్ట్రేలియా చేతిలోనూ ఓడి సొంతగడ్డపై గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది. ఓటమికి అతనొక్కడే కారణం అనడం అన్యాయం. కానీ ఆ ఏడాది నవంబర్‌లోనే అతను యూనియన్‌కు గుడ్‌బై చెప్పి సౌత్ సిడ్నీకి తిరిగెళ్లిపోయాడు. ఇంగ్లండ్ తరఫున ఆడింది 5 మ్యాచ్‌లే. ఆటగాడిలో లోపం లేదు.. అతనికంటూ ఒక చోటు కుదరలేదు.

ఒకే కుర్చీ.. ఇద్దరు మొనగాళ్లు

రెండో రకం సమస్య ఇంకా తమాషాగా ఉంటుంది. ఒకే స్థానానికి ఇద్దరు గొప్ప ఆటగాళ్లు ఉంటే ఏం చేయాలి? ఒకరిని బయట కూర్చోబెట్టాలా, పక్క స్థానానికి జరపాలా?

న్యూజిలాండ్ రెండోది ఎంచుకుంది. బ్యూడెన్ బారెట్ 2016, 2017లో వరుసగా ప్రపంచ ఉత్తమ ఆటగాడు. ఆడింది 10వ నంబర్‌లో. కానీ 2019 ప్రపంచకప్ వచ్చేసరికి 10 రిచీ మొవుంగాకు ఇచ్చి, బారెట్‌ను 15కి పంపారు. ఎందుకంటే.. ఇప్పుడు డిఫెన్స్ జట్లు గీత మీద నిలబడి ఎదురుచూడటం లేదు, దూసుకొచ్చి 10వ నంబర్‌కు ఊపిరాడనివ్వడం లేదు. మైదానంలో ఇంకోవైపు రెండో బుర్ర ఉంటే ఒత్తిడి తగ్గుతుందన్నది ఆ ప్లాన్.

లాభం సరే, నష్టం కూడా ఉంది. 10వ నంబర్‌కు బంతి దాదాపు ప్రతి దాడిలో ముందుగా వస్తుంది. 15వ నంబర్‌కు ఆలస్యంగా, తక్కువసార్లు వస్తుంది. ఆ సెమీస్‌లో ఇంగ్లండ్ 19-7తో న్యూజిలాండ్‌ను ఇంటికి పంపినప్పుడు విమర్శలు గుప్పుమన్నాయి. అయితే ఒక్క ఓటమితో ప్లాన్ తప్పని తేల్చేయలేం. 2023 ఫైనల్లో న్యూజిలాండ్ చేసిన ఏకైక ట్రై 15వ నంబర్‌లో ఆడిన అదే బారెట్‌ది మరి!

ఇంగ్లండ్‌లో మార్కస్ స్మిత్‌దీ ఇదే కథ. క్లబ్ హార్లెక్విన్స్‌లో 10వ నంబర్. 2023 ప్రపంచకప్ క్వార్టర్స్‌లో ఫిజీపై కోచ్ స్టీవ్ బోర్త్‌విక్ అతణ్ని 15లో దించాడు. ఇంగ్లండ్ 30-24తో గెలిచింది. కానీ దక్షిణాఫ్రికాతో సెమీస్‌కు మాత్రం పొడగరి ఫ్రెడ్డీ స్టీవర్డ్ తిరిగి 15లోకి వచ్చాడు. గాల్లోకి ఎత్తుగా తన్నే జట్టు ముందు, ఆ బంతుల్ని లేచి పట్టేవాడే కావాలి కదా. అంటే వారం తేడాలో, ఎదుటి జట్టు మారగానే 'సరైన మనిషి' కూడా మారిపోయాడు!

2025 సిక్స్ నేషన్స్‌లో ఇదే మళ్లీ తలెత్తింది. ఫిన్ స్మిత్‌కు 10 ఇచ్చి మార్కస్‌ను 15కి జరిపారు. ఫ్రాన్స్‌పై 26-25, స్కాట్లాండ్‌పై 16-15తో ఇంగ్లండ్ గట్టెక్కింది. అయినా తర్వాతి మ్యాచ్‌లో ఇటలీపై 15వ జెర్సీ ఎలియట్ డేలీకి వెళ్లింది, మార్కస్ బెంచ్‌కు వెళ్లాడు. రెండు చోట్లా ఆడగలడన్న పేరే ఒక్కోసారి ఏ చోటా స్థిరపడనివ్వదు.

మారి మెరిసినవాళ్లూ ఉన్నారు

స్థానం మారితే ప్రతిసారీ బెడిసికొడుతుందా? అదీ కాదు. బ్యూడెన్ తమ్ముడు జోర్డీ బారెట్ ఎక్కువగా ఫుల్ బ్యాక్‌గా ఆడేవాడు. 2022లో అతణ్ని 12వ నంబర్‌లో దించారు. ఆరున్నర అడుగులకు దగ్గరగా ఉండే మనిషి, పొడవైన కిక్, గట్టి ట్యాకిల్. మధ్యలో ఇవన్నీ పనికొచ్చాయి. 2023 ఫైనల్ నాటికి ఆ జెర్సీ అతనిదైపోయింది. ఇక్కడ కిటుకు ఏంటంటే.. అతను కొత్త మనిషి కావాల్సిన అవసరం రాలేదు. ఉన్న బలాలే కొత్త చోట ఎక్కువసార్లు వాడకంలోకి వచ్చాయి.

విల్ జోర్డాన్‌ది మరో కథ. 2023 ప్రపంచకప్‌లో వింగర్‌గా 8 ట్రైలు చేసి, ఒకే టోర్నీలో అత్యధిక ట్రైల రికార్డును సమం చేశాడు. అలాంటివాణ్ని కదిలిస్తారా అనిపిస్తుంది. 2024లో కోచ్‌గా వచ్చిన స్కాట్ రాబర్ట్‌సన్ కదిలించాడు. జోర్డాన్‌ను 15కి తెచ్చాడు, బ్యూడెన్ మళ్లీ 10లోకి వచ్చాడు. చూశారా, ఒక్కరిని జరిపితే ఆ గొలుసు మొత్తం కదులుతుంది.

హుకర్ లేకుండా ఫైనల్.. దక్షిణాఫ్రికా జూదం

2023 ప్రపంచకప్ మధ్యలో దక్షిణాఫ్రికా హుకర్ మాల్కమ్ మార్క్స్ గాయపడ్డాడు. అతని బదులు ఎవరైనా ఇంకో హుకర్‌నే పిలుస్తారు. దక్షిణాఫ్రికా మాత్రం 10వ నంబర్ ఆటగాడు హాండ్రే పొలార్డ్‌ను పిలిచింది. అంటే జట్టులో మిగిలిన అసలు సిసలు హుకర్ ఒక్కడే.. బోంగి ఎంబొనాంబి.

అక్టోబర్ 28న పారిస్‌లో ఫైనల్ మొదలైన కొద్ది నిమిషాలకే ఆ ఒక్కడూ గాయంతో బయటికొచ్చేశాడు. అతని స్థానంలోకి వచ్చింది 37 ఏళ్ల డియోన్ ఫౌరీ. ఆ టోర్నీ నాటికి అతను ప్రధానంగా ఫ్లాంకర్. దాదాపు మ్యాచ్ మొత్తం హుకర్‌గా నెట్టుకొచ్చాడు. లైనౌట్‌లో తడబాట్లు తప్పలేదు. కానీ స్క్రమ్ నిలబడింది. చివరికి దక్షిణాఫ్రికా 12-11తో గెలిచింది. ఆ 12 పాయింట్లూ పొలార్డ్ కాలి నుంచి వచ్చినవే!

ఇది గుడ్డి ధైర్యం అనుకోవద్దు. ఫౌరీ కెరీర్ మొదట్లో హుకరే. స్క్రమ్ ముందు వరసలో ఎలా ఉండాలో అతని ఒంటికి తెలుసు. ఏ ఫ్లాంకర్‌ను పడితే ఆ ఫ్లాంకర్‌ను అక్కడ దించి ఉంటే ఆ కథ వేరేలా ఉండేది.

ముందు వరసతో ఆటలొద్దు

ఎందుకంటే వింగర్‌ను సెంటర్‌గా ఆడిస్తే పోయేది పాయింట్లు. ముందు వరసలో శిక్షణ లేనివాణ్ని దించితే పోయేది ఆరోగ్యం. అంతర్జాతీయ స్థాయిలో స్క్రమ్‌లో ఒక్కో వైపు ఎనిమిది మంది బరువు కలిపితే దాదాపు 900 కిలోలు. ఆ ఒత్తిడంతా ముందున్న ముగ్గురి మెడలు, భుజాలు, వెన్ను మీదుగా వెళ్తుంది. స్క్రమ్ కుప్పకూలితే వెన్నెముకకు తీవ్ర గాయం అయ్యే ప్రమాదం ఉంది.

1, 3 ఇద్దరూ ప్రాప్‌లే కదా, అటూ ఇటూ మార్చేయొచ్చు అనుకుంటారు. అదీ అంత తేలిక కాదు. 1వ నంబర్ తల ఒకవైపు బయటికి ఉంటుంది. 3వ నంబర్ తల ఎదుటి ఇద్దరి మధ్య ఇరుక్కుంటుంది, రెండు భుజాల మీదా ఒత్తిడి పడుతుంది. రెండింటికీ నిలబడే తీరు, తోసే తీరు వేరు.

అందుకే ఇక్కడ నిర్ణయాన్ని కోచ్ ఇష్టానికి వదల్లేదు. 23 మంది జట్టులో ముందు వరసకు శిక్షణ పొందినవాళ్లు కనీసం ఆరుగురు ఉండాలన్నది నిబంధన. గాయాలతో వాళ్లు అయిపోతే తోపులాట లేని స్క్రమ్‌లే ఆడిస్తారు. ఊళ్లో, కాలేజీలో సరదాగా రగ్బీ ఆడేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది. లావుగా ఉన్నాడని ఎవరినీ స్క్రమ్ ముందుకు తోసేయకూడదు.

మరి ఎలా తేల్చాలి?

తర్వాత మ్యాచ్ చూసేటప్పుడు ఈ నాలుగూ గమనించండి.

ఒకటి.. ఆ స్థానంలో ఎక్కువసార్లు వచ్చే పని ఏంటి? ఫుల్ బ్యాక్ చేసిన ఒక్క మెరుపు పరుగు కాదు, అతని మీదకు వచ్చిన ఎత్తైన బంతుల్లో ఎన్ని పట్టాడో చూడండి.
రెండు.. బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడ్డాడు? తప్పు స్థానంలో ఉన్నవాడు చాలాసార్లు దొరికిపోయేది డిఫెన్స్‌లోనే. అడుగు ముందుకేస్తే వెనక ఖాళీ, ఆగితే పక్కన ఖాళీ.
మూడు.. పక్కవాడి ఆట మెరుగైందా? మంచి 12 ఉంటే 10కి టైమ్ దొరుకుతుంది. ఆ ఫలితం పక్క నంబర్‌లో కనిపిస్తుంది.
నాలుగు.. అతణ్ని జరిపినందుకు జట్టు ఏం కోల్పోయింది? కొత్త చోట బాగా ఆడినా, పాత చోట పడిన గొయ్యి పెద్దదైతే మార్పు దండగే.

సెవెన్స్‌లో లెక్క వేరు.. మన హైదరాబాద్ సంగతేంటి?

ఏడుగురితో ఆడే సెవెన్స్‌లో స్క్రమ్‌కు ముగ్గురే. మైదానం మాత్రం అంతే పెద్దది. అందుకే అక్కడ ఫార్వర్డ్ కూడా వింగర్‌లా పరిగెత్తాలి. 15 మంది ఆటలో స్క్రమ్ హాఫ్ అయిన ఫ్రాన్స్ స్టార్ ఆంటోయిన్ డుపాంట్, సెవెన్స్‌కు మారి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. ఫిజీతో ఫైనల్లో రెండు ట్రైలు చేశాడు. చురుకైన చేతులు, వేగంగా ఆలోచించే బుర్ర రెండు చోట్లా పనికొస్తాయి మరి.

2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా సెవెన్సే. ఆరు జట్లలో మన హైదరాబాద్ హీరోస్ ఒకటి. తొలి టైటిల్ చెన్నై బుల్స్ కొట్టింది. విదేశీ స్టార్ల పక్కన మన కుర్రాళ్లు ఆడే ఈ లీగ్‌లో ఎవరు ఎన్ని ట్రైలు చేశారన్నది స్కోర్‌కార్డ్ చెప్తుంది. ఎవరు ఏ పనికి సరిపోతారన్నది మాత్రం మనమే కళ్లు పెట్టి చూడాలి.

ఇప్పుడు ట్రెండ్ మరో మలుపు తిరిగింది. 2025లో దక్షిణాఫ్రికా తన సెంటర్ ఆండ్రే ఎస్టర్‌హైజెన్‌ను ఫార్వర్డ్స్‌లో ఫ్లాంకర్‌గానూ వాడింది. రెండు పనులూ తెలిసిన ఒక్కడు బెంచ్ మీద ఉంటే కోచ్ చేతిలో ఇంకో సీటు మిగిలినట్టే. 2027 నాటికి ఇలాంటివాళ్లు ఇంకొందరు వస్తే ఆశ్చర్యం లేదు. కాకపోతే రెండు పనులూ నిజంగా నేర్చినవాడికీ, రెండు చోట్లా సర్దుకుపోతున్నవాడికీ తేడా ఉంది. ఆ తేడా తెలిసిన కోచ్‌కే కప్పు దగ్గరవుతుంది.