కోరింగలో ఏమీ కనబడలేదు, ఎందుకు?

“కాకినాడ నుంచి కోరింగ అభయారణ్యానికి వెళ్లాం. చెక్కబాట మీద చివరిదాకా నడిచాం, బోటు కూడా ఎక్కాం. నాలుగు కొంగలు తప్ప ఒక్క జంతువూ కనబడలేదు. ఎందుకని?” సెలవులకి వచ్చిన చుట్టాలు తరచూ అడిగే ప్రశ్న ఇది.

అడవి అనగానే మన కళ్లు పెద్ద జంతువు కోసమే వెతుకుతాయి. ఆఫ్రికా సఫారీకి వెళ్లేవాళ్లూ అంతే. అందుకే అక్కడి గైడ్లు సింహం, ఏనుగు ఉన్న ‘పెద్ద ఐదు’తో పాటు ‘చిన్న ఐదు’ను కూడా చూడమంటారు. అందులో ఒకటి, పొడి ఇసుకలో గరాటులాంటి గుంట తవ్వి, అడుగున చీమ కోసం పొంచి ఉండే పురుగు. అంత దూరం వెళ్లినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చూసే ఆ పురుగుకి దాయాదులు మన ఇళ్ల చూరు కింద దుమ్ములోనూ ఉంటారు.

గౌతమి పాయలు సముద్రంలో కలిసేచోట పెరిగిన మడ అడవి కోరింగ. 1978లో అభయారణ్యమైంది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైనే. ఇక్కడా చూడవలసింది చిన్న ప్రాణులనే. వాటి అసలు సందడంతా చెట్ల కింది బురదలో ఉంది. పోటు వేళ ఆ బురద నీళ్ల కింద ఉంటుంది. బోటు తేలిగ్గా తిరిగేదీ అప్పుడే. అలా చాలామంది కోరింగ నేల చూడకుండానే ఇంటికి వెళ్లిపోతారు.

నీరు తీశాక చూడండి. బురద మీద వేలెడు చేప ఒకటి గెంతుతూ కనిపిస్తుంది. నన్నడిగితే కోరింగలో మొదట చూడవలసింది దీన్నే. నీళ్లు లేకపోతే చేప చచ్చిపోవాలి కదా, ఇదెలా బతుకుతోంది? దీని చర్మం, నోటి లోపలి పొర తడిగా ఉన్నంతసేపూ గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుంటాయి. మొప్పల గదుల్లో కాసిని నీళ్లు దాచుకుంటుంది. మధ్యమధ్య బురదనీటిలో పొర్లి ఒళ్లు తడుపుకుంటుంది. నెత్తిమీద ఉన్న కనుగుడ్లను గుంటల్లోకి లాక్కుని తడిచేసుకుని మళ్లీ పైకి తెస్తుంది. ముందు రెక్కలే దానికి చంకకర్రలు. నీళ్లు తీసిన బురద మీద నాచు, పురుగులు, పిల్లపీతలు దొరుకుతాయి, దాని రాక వాటికోసమే. ఇంకో వింత ఉంది. బురద బొరియలో గుడ్లకి ప్రాణవాయువు చాలదు. అందుకని వీటిలో కొన్ని జాతులు నోటినిండా గాలి పట్టుకెళ్లి బొరియలో వదులుతాయి. గాలిని మోసుకెళ్లే చేప!

దాని పక్కనే ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగిన పీత ఉంటుంది. అది మగది. ఆ డెక్కని ఊపేది ఆడపీతని పిలవడానికీ, పక్క మగపీతని బెదిరించడానికీ. తిండికి దానివల్ల ఉపయోగం లేదు. ఆడది రెండు చేతులతో తింటుంటే మగది చిన్న డెక్క ఒక్కదానితోనే బురద నోటికి అందించుకోవాలి. అందులోని నాచు తినేసి, మిగిలిన మట్టిని చిన్నచిన్న ఉండలుగా వదిలేస్తుంది. బొరియల చుట్టూ కనిపించే ఉండలు అవే.

ఆ బొరియల అవసరం చెట్లకీ ఉంది. ఎప్పుడూ తడిగా ఉండే బురదలోకి గాలి చొరబడదు. మడచెట్టు వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చేది గాలి కోసమే. పీత తవ్విన కన్నాల గుండా కూడా కొంత గాలి లోపలికి దిగుతుంది.

మరి జంతువులే లేవా? బావురు పిల్లి ఉంది. చేపలు, పీతలు పట్టి తింటుంది. కాలివేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. ఎక్కువగా రాత్రే తిరుగుతుంది కాబట్టి పగటి బోటులో కనబడడం అరుదు. బురద మీద దాని అడుగులు దొరికినా అదృష్టమే.

మళ్లీ వెళ్తే ముందు పోటుపాట్ల వేళ కనుక్కోండి. అక్కడి పడవవాళ్లకి అది పంచాంగం చూడకుండానే తెలుసు. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా కిందికి తీస్తుంది. నీరు తీసిన వేళ చెక్కబాట మీద ఒకచోట ఆగి, కదలకుండా పది నిమిషాలు నిలబడండి. మీ అడుగుల అదురుకి బొరియల్లో దూరిన పీతలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ముందు కళ్లు, తర్వాత డెక్క.